‘ఎక్స్‌పీరియన్స్ ఏమన్న ఉన్నదా?’ – మా పని చరిత్ర, 27వ భాగం



ఈ వారం ఇనాం భూముల గురించి రాస్తనని పోయిన భాగంలో మాటిచ్చిన. అది వచ్చే వారానికి ఆగుతది. మంగళవారం రాత్రి వచ్చిన ఒక ఫోను నన్ను నాలుగు రోజుల నుంచి వేరే పని చేసుకోనిస్తలేదు.

ఫోను చేసింది మా తమ్ముని బిడ్డ. హనుమకొండలో బీకాం మూడో సంవత్సరం, సంక్షేమ హాస్టల్లో ఉంటది. మా ఇంట్ల డిగ్రీదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల.

“పెద్దబాపూ, నీకు కంపెనీలల్ల ఎవలన్న ఎరుకనా?”

“ఎందుకు బిడ్డా?”

“ఇంటర్న్‌షిప్ చెయ్యాల్నట. సర్టిఫికెట్ పెడితెనే మార్కులు. మా క్లాసుల సగం మందికి అయిపోయింది. వాళ్ళ మామలో బాబాయిలో ఇప్పిచ్చిన్రు. మనకెవలున్నరు?”

ఆమె ఏడుస్తలేదు. నిష్ఠూరం కూడా ఆడలేదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగింది. నేను ఉద్యమంల ఇరవై ఏండ్లు తిరిగిన. కలెక్టర్లతో కొట్లాడిన, మంత్రుల చాంబర్ల ముందు కూసున్న. కానీ ఒక పిల్లను రెండు నెలలు కూసోబెట్టుకొని పని నేర్పియ్యమని అడిగేటంత చనువున్న కంపెనీ మనిషి నా ఫోన్ల ఒక్కడు కూడ లేడు. ఆ రాత్రి నంబర్లన్ని కిందికి మీదికి చూసిన. వకీళ్ళున్నరు, విలేకర్లున్నరు, పోలీసులు కూడ ఉన్నరు.

అందుకే ఈ వారం ఇది. చదువుకుంట పని నేర్చుకునుడు, ఆ పనిని ‘అనుభవం’ అని లెక్కపెట్టుడు. ఈ లెక్క ఎవరిది, ఎప్పటి నుంచి ఉన్నది?

నా కథ నుంచే మొదలుపెడుత. నేను 2005లో పీజీ చదువుటానికి వరంగల్ వచ్చిన. అప్పటికే నాకు పదేండ్ల పని అనుభవం ఉన్నది. నవ్వకండి. పత్తి ఏరిన, మిర్చి ఏరిన, నారు మోసిన, ఇటుక బట్టీల ఒక ఎండాకాలం చేసిన. పత్తి చేన్ల పెద్ద సాలు ఏది, చిన్న సాలు ఏది, ఏ సాలుకు ఎంతమంది కూలీలను నిలబెడితే పొద్దుగూకే లోపల చేను ముగుస్తదో నాకు తొమ్మిదో తరగతిలనే తెలుసు. ఎంబీఏల దీన్నే మనుషుల వనరుల నిర్వహణ అంటరని తర్వాత తెలిసింది.

వరంగల్ వచ్చినంక క్యాటరింగ్‌కు పోయేటోన్ని. హాస్టళ్ళల్ల ఉన్నోళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పెండ్లిళ్ళ సీజన్ వస్తే సాయంత్రం నాలుగింటికి గేటు కాడికి ఆటో వస్తది. పది, పన్నెండు మందిమి ఎక్కుతం. ఫంక్షన్ హాల్ వెనుక తెల్ల అంగీ, నల్ల ప్యాంటు, చేతులకు ప్లాస్టిక్ గ్లౌజులు ఇస్తరు. రాత్రి ఒంటిగంట దాక వడ్డించుడు, ఆకులు ఎత్తుడు, డేగీషాలు కడుగుడు. నాకు రాత్రికి వంద రూపాయలిచ్చేటోళ్ళు. మిగిలిన బగారన్నం కవర్ల కట్టుకొని వస్తే రూమ్మేట్లకు పండుగ.

ఒక పెండ్లిల జరిగిన ముచ్చట చెప్త. అది మా మండలపోళ్ళ పెండ్లే. మా ఊరి దొర ఇంటి చుట్టాలు కూడ వచ్చిన్రు. ఊర్ల మా అమ్మ వాళ్ళ ఇంటికి పనికి పోతే గ్లాసు బయట చూరుకింద వేరే ఉండేది. ఆ రోజు వాళ్ళ పెద్దాయన విస్తట్ల నేనే పప్పు వడ్డించిన. నెయ్యి కూడ పోసిన. ఆయన తల ఎత్తి చూడలేదు. “ఇంకొంచెం” అన్నడు. గ్లౌజుల లోపల ఎవల చెయ్యి ఉన్నదో ఆయనకు పట్టలేదు. ఆ రాత్రి నేను ఆనందపడ్డనా, బాధపడ్డనా అని చానా సార్లు ఆలోచించుకున్న. ఇప్పటికీ తేలలేదు. చెయ్యి కనబడకుంటే పని నడుస్తది అన్న సంగతి మాత్రం అప్పుడు అర్థమైంది.

రెండో పని ఇంకా పెద్ద బడి. నయీంనగర్ దిక్కు ఒక డీటీపీ సెంటర్ల సాయంత్రాలు టైపింగ్ చేసేటోన్ని. పేజీకి లెక్క. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ప్రాజెక్టు రిపోర్టుల కాలం. ఎంబీఏ పిల్లలు, ఎంకాం పిల్లలు వరుస కట్టేటోళ్ళు. ఫలానా కంపెనీల నలభై ఐదు రోజులు పనిచేసిన, ఫలానా మేనేజర్ సార్ మార్గదర్శకత్వంల నేర్చుకున్న అని మొదటి పేజీ. లోపల పోయినేడు ఇంకొకరు రాసిందే. పేరు, సంవత్సరం మార్చి ఇయ్యమనేటోళ్ళు. నేనే మార్చి ఇచ్చిన, తప్పు ఒప్పుకుంటున్న. కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకం మాత్రం అసలుదే ఉండేది. ఎందుకంటే ఆ సంతకం పెట్టిన మనిషి ఆ పిల్లగాని మేనమామనో, నాయిన దోస్తో.

రిపోర్టులల్ల ‘కృతజ్ఞతలు’ అనే పేజీ ఒకటి ఉంటది గదా. రెండేండ్లు ఆ పేజీలు టైపు చేసుకుంట నేను వరంగల్ జిల్లా చుట్టరికాల పటం మొత్తం నేర్చుకున్న. ఇంటి పేర్లు చదివితే ఎవరు ఏ బ్యాంకుల, ఏ సిమెంటు ఫ్యాక్టరీల, ఏ మందుల కంపెనీల ఉన్నరో తెలిసిపోయేది. ఆ పటంల మా వాడ లేదు. మా పిల్లల రిపోర్టులు కూడ వచ్చేటివి. వాటిల్ల ‘సంస్థ’ అన్న కాడ ఒక కిరాణం దుకాణమో, రేషన్ షాపో ఉండేది. పాపం నిజంగ పోయి, నిజంగ లెక్కలు రాసుకొచ్చినవి అవే. వైవాలో తక్కువ మార్కులు కూడ వాటికే పడ్డయని ఆ పిల్లలే వచ్చి చెప్పేటోళ్ళు.

2007ల హైదరాబాద్ శివార్ల ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు పోయిన. పేరు ఎందుకు, వదిలేద్దాం. ఎదురుంగ ముగ్గురు. నా మార్కులు చూసి తల ఊపిన్రు.

“ఎక్స్‌పీరియన్స్ ఏమన్న ఉందా?”

“ఉంది సార్” అని అన్నీ చెప్పిన. టైపింగ్, క్యాటరింగ్, కూలీల లెక్క.

నడుమ కూసున్నాయన నవ్విండు. “అది కాదయ్యా. ఎక్స్‌పీరియన్స్.”

ఆ మాటను ఆయన రెండోసారి పలికిన తీరు నాకు ఇంకా చెవుల్ల ఉన్నది. నేను చేసింది పని. వాళ్ళు అడిగింది ఇంకేదో.

ఇప్పుడు నా తాత దగ్గరికి పోదాం. మా తాత తోలు పని చేసేటోడు. ఆ పని నేర్వాలంటే ఎన్నేండ్లు పడతదో ఈ తరం పిల్లలకు తెల్వది. పచ్చి తోలును సున్నపు నీళ్ళల్ల నానబెట్టాలె, వెంట్రుక గీకాలె, లందల తంగేడు చెక్క రసంల ఊరబెట్టాలె, తిప్పాలె, మళ్ళ ఊరబెట్టాలె. ఎప్పుడు తియ్యాల్నో వాసన చూసి చెప్పాలె. బోర్లు, కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణల బాయి మీద పారిన ప్రతి మడి వెనుక మోట ఉన్నది, మోటకు తోలు తొండం ఉన్నది, తొండానికి మా తాతల కుట్టు ఉన్నది. తాత దగ్గర ఆయన చిన్నాయన, ఆయన దగ్గర ఇంకొకరు కూసోని నేర్చుకున్నరు. ప్రపంచంల ఎక్కడైన దీన్ని శిష్యరికం అంటరు. జర్మనీల అయితే చేతిపని నేర్చినోనికి ఇప్పటికీ కాయితం ఇస్తరు, ఆ కాయితానికి మర్యాద ఉంటది. మా తాతకు ఏమొచ్చింది? పంట మీద ఇంత మేర. దొర ఇంటికి చెప్పులైతే ఉత్తగనే. ఉత్తగ చేసే పనికి మా దగ్గర ఒక పేరున్నది, వెట్టి.

హైదరాబాద్ సంస్థానంల అప్పు కింద మనిషిని కట్టేసుకునే భగేలా పద్ధతిని కట్టడి చేస్తమని 1936ల ఒక రెగ్యులేషన్ తెచ్చిన్రు. కాయితం మీద వచ్చింది, గడీల దాక రాలేదు. దాన్ని ఊర్ల నుంచి తరిమింది తర్వాత లేసిన జనం. ఆ చరిత్ర ఈ వరుసలో ముందే రాసిన, మళ్ళ రాయ.

ఇక్కడ ఒక మాట. ఈ మధ్య జీతం లేని ఇంటర్న్‌షిప్‌ను గొప్ప అవకాశమని పెడుతున్న పోస్టులు చూస్తున్న. 1982ల ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసుల సుప్రీంకోర్టు ఏమన్నదో ఆ పోస్టులు పెట్టేటోళ్ళు ఒకసారి చదవాలె. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని కూడ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తదని ఆ తీర్పు. కానీ నేర్చుకునేటోడు కార్మికుడు కాదు అన్న ఇంకో తలుపు చట్టంల ఉన్నది. అది తర్వాత చెప్త.

తాతలది ఊరు. పట్నంల మిల్లు వస్తే కులం పోతదని చానా మంది అనుకున్నరు. బొంబాయి మిల్లుల సంగతి చూడండి. అంటరానోళ్ళను మిల్లులకు రానిచ్చిన్రు, కానీ నేత ఖాతాలకు రానియ్యలేదు. జీతం ఎక్కువ ఉండేది ఆ ఖాతాలనే. కారణం ఏం చెప్పిన్రంటే, తెగిన నూలు పోగును నోటితోని తడిపి అతకాలె, వీళ్ళ ఎంగిలి మాకు అంటుతది అని. 1928 సమ్మె కాలంల బాబాసాహెబ్ దీన్ని కార్మిక నాయకుల ముందటనే నిలదీసిన్రు. నేత ఖాతాలకు పోనిస్తలేరు గాబట్టి నేత రాదు, నేత రాదు గాబట్టి ఆ ఖాతాలకు పనికిరారు. ఎనభై ఏండ్ల తర్వాత నన్ను నవ్వినాయన చేతుల ఉన్నది కూడ ఈ ఉంగరమే. ఎక్కడ మొదలైతదో ఎక్కడ ముగుస్తదో కనబడదు.

మరి చదువు ఉంటే? ఆ రోజులల్ల బాబాసాహెబ్ కంటే పెద్ద చదువు ఎవరికున్నది? కొలంబియా నుంచి, లండన్ నుంచి వచ్చి, స్కాలర్‌షిప్ షరతు ప్రకారం 1917ల బరోడా సంస్థానంల పనికి చేరిన్రు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసుల ప్రొబేషనర్. అంటే మన భాషల ట్రైనీ. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంల ఉన్నరు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి ఎల్లగొట్టిన్రు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ల ఆయనే రాసుకున్నరు. మనం ఆ ఘట్టాన్ని అవమానం కిందనే చదువుతం. ఒక యువకుని మొదటి ఉద్యోగ శిక్షణ ఎట్ల ఆగిపోయింది అన్న కోణంల కూడ ఒకసారి చదవాలె. పని నేర్చుకోవాలంటే ముందు ఆ ఊర్ల ఒక అర్ర కిరాయికి దొరకాలె.

మా బిడ్డ సంగతి కూడ ఇదే. ఎండాకాలం సెలవులల్ల సంక్షేమ హాస్టళ్ళు మూస్తరు. ఇంటర్న్‌షిప్‌లు దొరికేది ఎండాకాలంలనే, హైదరాబాద్‌లనే. అక్కడ లేడీస్ హాస్టల్ కిరాయి, తిండి, బస్సు పాస్. జీతం లేని రెండు నెలల పనికి ముందు మనమే పెట్టుబడి పెట్టాలె.

బరోడాల జరిగింది ఆయన మర్చిపోలేదనుకుంట. 1942 జులైల వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబర్ అయిన్రు. అదే అక్టోబర్‌ల వైస్రాయ్‌కి షెడ్యూల్డు కులాల కష్టాల మీద పెద్ద వినతిపత్రం ఇచ్చిన్రు. ఉద్యోగాల రిజర్వేషన్, సైన్సు, టెక్నికల్ చదువులకు స్కాలర్‌షిప్‌లు అడిగిన సంగతి అందరికి తెలుసు. 1944-45 నుంచి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైన సంగతి తెలుసు. నేను ఇయ్యాళ్టికి ఆ స్కాలర్‌షిప్ బిడ్డనే. కానీ ఆ వినతిపత్రంల ఇంకొకటి ఉన్నది, మనం దాని గురించి అసలు మాట్లాడం. సర్కారు ప్రింటింగ్ ప్రెస్సులల్ల, రైల్వే వర్క్‌షాపులల్ల మా పిల్లలను అప్రెంటిస్‌లుగ తీసుకోండి అని అడిగిన్రు. చదువుతో పాటు చెయ్యి తిరగాలె, ఆ చెయ్యి తిరిగే చోటు సర్కారు చేతుల ఉన్నది, ఆ చోటు తలుపు తియ్యాలె. అడిగింది అది.

ఆ వాక్యాలు చదివినప్పుడల్ల నాకు కాజీపేట యాదికొస్తది. వరంగల్ అంటే వేయిస్తంభాల గుడి అంటరు గనీ, మా వాడలకు వరంగల్ అంటే కాజీపేట జంక్షన్, లోకో షెడ్లు, ఆజంజాహి మిల్లు సైరన్. 1942ల కాజీపేట నిజాం రైల్వే కింద ఉండె. బాబాసాహెబ్ కాయితం పోయింది ఢిల్లీ సర్కారుకు. దాని చెయ్యి ఇక్కడిదాక ఆనలేదు. 1934ల మొదలైన ఆజంజాహి మిల్లు తర్వాత కేంద్రం కిందికి, నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కు పోయింది, చివరికి మూతబడ్డది. కాజీపేటకు వస్తదని మా నాయినల తరం ఎదురుచూసిన రైలు పెట్టెల ఫ్యాక్టరీ 1985ల పంజాబ్‌ల కపుర్తలాకు పోయింది. 2023 జులై 8న ప్రధాని వచ్చి కాజీపేటల రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండు. నడుమ ముప్పై ఎనిమిదేండ్లు. అంటే ఒక తరం మొత్తం చెయ్యి తిరిగే చోటు లేకుండనే ముసలిదైంది.

రైల్వేల ఈ లెక్క ఎంత గట్టిదో చెప్త. అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పూర్తి చేసినోళ్ళను ‘యాక్ట్ అప్రెంటిస్’ అంటరు. రైల్వే లెవెల్-1 కొలువులల్ల 20 శాతం వాళ్ళకే కేటాయించిన్రు. మా వాడల ఒక పెద్దమనిషి షెడ్డుల అప్రెంటిస్ చేసి ఖలాసీ అయిండు. ఆయన తర్వాత ఆయన తమ్ముడు, ఆ తర్వాత బావమరిది. ఒక్క మనిషి లోపలికి పోతే నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, ఏ కాయితం జతచెయ్యాల్నో వాడకు తెలుస్తది. నేను డీటీపీ సెంటర్ల చూసిన పటం అది. ఒకే ఒక్కసారి అది మా గల్లీల కూడ గీయబడ్డది.

ఇప్పుడు చట్టం. కొంచెం ఓపిక పట్టండి, ఇది పనికొచ్చే భాగం.

1959 అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి వరంగల్‌ల రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి పునాది రాయి వేసిండు. దేశంల అట్లాంటి కాలేజీలల్ల ఇదే మొదటిది, ఇప్పటి నిట్. దేశానికి ఇంజినీర్లు కావాలె, పని తెలిసినోళ్ళు కావాలె అన్న కాలం అది. 1961ల అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలు ఇంతమందికి పని నేర్పి తీరాలె అని. మొదట అది ఐటీఐ రకం పనులకే. 1973ల సవరించి ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్ళను కూడ కలిపిన్రు. అదే సవరణల 3ఏ అనే సెక్షన్ పెట్టిన్రు. ప్రతి ట్రేడ్‌ల యజమాని షెడ్యూల్డు కులాలకు, తెగలకు శిక్షణ స్థానాలు రిజర్వు చెయ్యాలె, రాష్ట్రంల మన జనాభాను బట్టి సంఖ్య నిర్ణయించాలె అని. బీసీలకు ఇసొంటిదే 3బీ అని 2007ల చేరింది.

మళ్ళ చదవండి. ‘యజమాని’. ప్రైవేటు కంపెనీ అయినా సరే. ప్రైవేటు రంగంల రిజర్వేషన్ కావాలని మనం ముప్పై ఏండ్లుగ నినాదాలిస్తున్నం, నేను కూడ గొంతు పోయేదాక ఇచ్చిన. ఉద్యోగంల కాదు గనీ, ఉద్యోగానికి తలుపైన శిక్షణల అది 1973 నుంచి చట్టంల ఉన్నది! నేను ఈ సెక్షన్ మొదటిసారి చదివింది నలభై ఏండ్లు దాటినంక. నా క్లాసుల ఏ సారూ చెప్పలేదు. నా సంఘంల ఏ అన్నా చెప్పలేదు. నేను మీకు చెప్పలేదు.

చట్టంల కంతలు కూడ చూడాలె. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు, కార్మిక చట్టాలు వర్తించవు. నేను పైన చెప్పిన తలుపు ఇదే. చట్టం మీరిన యజమానికి మొదట జైలు శిక్ష కూడ ఉండె, 2014 సవరణల జైలు తీసేసి జుర్మానా ఉంచిన్రు. 2019 నుంచి 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోట అప్రెంటిస్‌లను పెట్టుకోవాలె. అదే యేడు డిగ్రీ చదివినోళ్ళకు నెలకు 9,000, డిప్లొమా వాళ్ళకు 8,000 కనీస స్టైపెండ్ అన్నరు. మా బిడ్డ క్లాసుల జరుగుతున్న ఇంటర్న్‌షిప్‌లకు ఇవేవీ లేవు. అవి ఈ చట్టం బయట, చుట్టరికం చట్టం కింద నడుస్తయి.

2024 అక్టోబర్‌ల మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి కొందరు మెసేజ్ పెట్టిన్రు. మొదలుపెట్టినప్పుడు పెద్ద కంపెనీలల్ల 12 నెలలు, నెలకు 5,000 రూపాయలు, వయసు 21 నుంచి 24 అన్నరు. బాగనే ఉన్నది. కానీ అప్పటి నిబంధనల ప్రకారం రెగ్యులర్ కాలేజీల చదువుతున్నోళ్ళు దానికి అర్హులు కారు. డిగ్రీ అయినంక చూడాలె. ఆమెకు సర్టిఫికెట్ కావాల్సింది ఈ సెమిస్టర్ల.

ఇంకో ముడి కూడ ఉన్నది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలల్ల, ఈ స్కాలర్‌షిప్ తీసుకునేటోళ్ళు ఇంకో స్కాలర్‌షిప్ గానీ స్టైపెండ్ గానీ తీసుకోరాదని రాసి ఉన్నది. ఏది లాభమైతే అది ఎంచుకోవాలె. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలె. సెమిస్టర్ నడుమ కంపెనీకి పోదామంటే హాజరు పోతది, హాజరు పోతే ఫీజు పోతది. పైసలున్నోని పిల్లగాడు క్లాసు ఎగ్గొట్టి పని నేర్చుకుంటడు. మన పిల్ల పని ఎగ్గొట్టి క్లాసుల కూసుంటది. నిబంధన రాసినోళ్ళకు దురుద్దేశం ఉన్నదని నేను అంటలేను. ఈ పిల్ల ఒకనాడు కంపెనీకి పోతదని వాళ్ళు ఊహించలేదు, అంతే.

వరంగల్ విద్యార్థులు, పని అనంగనే చానా మంది మిత్రులకు ఇంకో చరిత్ర గుర్తుకొస్తది. 70లల్ల రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అని పిలుపిచ్చి, ఎండాకాలం సెలవులల్ల ఊర్లకు పోయిన్రు. కూలీల గుడిసెలల్ల ఉన్నరు, వాళ్ళతో తిన్నరు. ఎందరో ప్రాణాలిచ్చిన్రు, నేను ఆ త్యాగాలను తక్కువ చేస్తలేను. కానీ ఒక్క సంగతి నాకెప్పుడు తమాషాగ అనిపిస్తది. మా నాయిన ఎండాకాలం సెలవులల్ల ఊరికి పోయేది కూలికి. అదే ఊరికి ఇంజినీరింగ్ పిల్లగాడు పోయేది కూలీ బతుకు తెలుసుకోవటానికి. ఒకే చేన్ల ఇద్దరు విద్యార్థులు. ఒకరిది అనుభవం అయింది, పుస్తకాలకు ఎక్కింది. ఇంకొకరిది కూలి అయింది, కందిపప్పు అయింది.

నా పనిని పని అని, నా తెలివిని తెలివి అని మొదటిసారి లెక్కపెట్టింది మాత్రం ఉపాధి హామీ. మా ఊర్ల కరువు పని అంటరు. 2006 ఫిబ్రవరిల చట్టం అమలైనప్పుడు మొదటి విడత జిల్లాలల్ల వరంగల్ ఉన్నది. ఆ పనులల్ల దొంగ మస్టర్లు పట్టటానికి సామాజిక తనిఖీ పెట్టిన్రు. దానికి ఎవరిని తీసుకున్నరంటే, కూలీల ఇండ్లల్ల చదువుకున్న పిల్లలను! నేను ఇంటర్వ్యూల నవ్వులపాలై వచ్చిన ఎండాకాలమే, 2007ల, ఇందుల చేరిన. సొంత ఊరికి పంపరు, వేరే మండలానికి పంపుతరు. బడిలనో పంచాయతీ ఆఫీసులనో పండుడు. పొద్దున్నే మస్టరు కాయితాలు పట్టుకొని ఇంటింటికి పోవుడు. “అవ్వా, ఈ వారం ఎన్ని రోజులు పోయినవ్? ఎంతిచ్చిన్రు?”

అక్కడ నా పత్తి చేను అక్కరకొచ్చింది. కాయితంల ఇరవై మంది ఆరు రోజులు చేసినట్టు ఉంటది. గుంత చూస్తే నాకు తెలిసిపోయేది, ఇది పది మంది మూడు రోజుల పని అని. గడ్డపార పట్టనోనికి అది కనబడదు. నాతోని వచ్చిన ఒక పెద్ద కాలేజీ పిల్లగాడు టేపు పెట్టి కొలిచి, లెక్కగట్టి, అరగంట తర్వాత అదే చెప్పిండు. చివరికి మండలంల బహిరంగ సభ. మైకు ముందు నిలబడి, సంతకం పెట్టిన ఆఫీసర్ ముందటనే మస్టరు చదివిన. ఒక ముసలవ్వ లేసి “ఈ ఏలు నాది కాదు” అన్నది. పైసలు వాపసు ఇప్పిచ్చిన్రు. ఆ నెల నాకొచ్చిన సర్టిఫికెట్ ఇంకా ఇంట్ల ఉన్నది. నా జీవితంల మొదటి అనుభవ పత్రం. తర్వాత నేను చేసిన ప్రతి ఉద్యోగానికి, చివరికి ఉద్యమానికి కూడ, నేర్చుకున్నది అక్కడనే.

ఇగ మా బిడ్డ సంగతి. ముందు మా దోస్తు వకీలు ఒకాయనను అడిగిన, ఆడిటర్లు ఎవలన్న ఎరుకనా అని. ఆయన ఇంకొకరిని అడిగిండు. హనుమకొండల ఒక చిన్న ఆడిటర్ ఆఫీసుల రోజుకు మూడు గంటలు, సాయంత్రం పూట రమ్మన్నరు. జీఎస్టీ లెక్కలు నేర్పుతరట, జీతం లేదు, ఆటో కిరాయి నేనిస్తున్న. అంటే నేను కూడ చివరికి ఎరుకున్నోళ్ళనే పట్టిన. ఈ వ్యాసం రాసుకుంటనే ఆ ఫోన్లు చేసిన. దాచిపెట్టి రాస్తే అబద్ధమైతది.

శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చింది. 3ఏ సెక్షన్ చదివి వినిపిచ్చిన. చానాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, “మరి మన హనుమకొండ, వరంగల్ల ఎందరిని పెట్టుకున్నరు పెద్దబాపూ? దాంట్ల మనోళ్ళు ఎందరు?”

నాకు తెల్వదు. అందుకే ఇద్దరం కూసోని సమాచార హక్కు దరఖాస్తు రాసినం. డిగ్రీ, డిప్లొమా అప్రెంటిస్‌ల లెక్క చూసే దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు చెన్నైల ఉన్నది, దానికి పంపుతున్నం. ఈ రెండు జిల్లాలల్ల పదేండ్లల్ల ఏ సంస్థ ఎందరిని తీసుకున్నది, ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, 3ఏ కింద ఎన్ని స్థానాలు నిర్ణయించిన్రు, ఎన్ని ఖాళీగ ఉన్నయి. ఫీజు పది రూపాయలు. ముప్పై రోజులల్ల జవాబు రావాలె.

నేను చెప్తుంటే ఆమెనే టైపు చేసింది, నాకంటే వేగంగ. అయిపోయినంక చదువుకొని, నన్ను అడగకుండనే కింద ఆరో ప్రశ్న చేర్చింది. పై సంఖ్యలల్ల ఆడపిల్లలు ఎందరు?

జవాబు రాంగనే ఇక్కడ పెడుత. మీ ఇంట్ల, మీ వాడల 1973 తర్వాత అప్రెంటిస్ చేసినోళ్ళు ఎవరన్న ఉంటే, ఏ యేడు, ఏ చోట, ఎవరు చెప్తే పోయిన్రో కింద రాయండి. ఇనాం భూములు వచ్చే ఆదివారం.

జై భీమ్.